గోపన్న కిర్రుచెప్పులు

నా నోట్లో నువ్వుగింజ నానదు. ఈ మాట మా అమ్మ నాకు ఎనిమిదేళ్లప్పుడే అంది. ఆ తర్వాత నాతో పనిచేసిన ప్రతి హార్మోనిస్టూ అన్నాడు. నేను నవ్వేసి ఊరుకునేదాన్ని. నోరుంది కాబట్టే స్టేజీ మీద బతికాను, మూగదానికి వేషం ఎవరిస్తారు? కానీ ఆ నోటి వల్లే ఒక ఆడదాని బతుకు పదిమంది కాళ్ల కింద పడింది. అది చెబుతాను. తిట్టుకోవాలనిపిస్తే తిట్టుకోండి, నేను అడ్డం రాను.

అమ్మ పెట్టిన పేరు సుబ్బలక్షుమ్మ. కరపత్రాల్లో మాత్రం 'కడప కుమారి సుభాషిణి'. అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్లు, ఆ 'కుమారి' చూసి నాకే నవ్వొచ్చేది. పల్లెల్లో రైతులకు నాటకం సరదా పుడితే మగవేషాలన్నీ వాళ్లే పంచుకునేవాళ్లు. ఆడవేషానికి మాత్రం మాలాంటివాళ్లను పిలిపించేవాళ్లు. వాళ్ల ఆడవాళ్లు స్టేజీ ఎక్కితే పరువు పోతుందట. మాకు పోయేదేముంది పాపం!

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఎండాకాలం, కమలాపురం అవతల మూలవంకపల్లె నుంచి దాసన్న కబురు పెట్టాడు. దాసన్న నాటకాల అయ్యవారు. హార్మోనియం వాయిస్తాడు, పద్యాలు నేర్పుతాడు, ఏ ఊరికి ఆ ఊరికి కథ కూడా రాసిపెడతాడు. నేను బండి దిగీ దిగగానే కరపత్రం చేతిలో పెట్టాడు.

"దేవుళ్ల కతలు జనానికి మొగం మొత్తినాయి సుబ్బీ. ఇది ఈ ఊర్లో నిజంగా జరిగిన కత. సూడు, పైననే ఏపిచ్చినా."

నిజంగానే పెద్ద అక్షరాల్లో 'నిజముగా జరిగిన కథ' అని ఉంది. కథ చెప్పాడు. గోపన్న అనే రైతు నాలుగేళ్ల కిందట గయ్యాళి పెళ్లాం పోరు పడలేక, ఒక నాటకాలదాన్ని తగులుకుని కోలారు గనులకు లేచిపోయాడు. పెళ్లాం వేషం నాదే, ఆ నాటకాలదాని వేషమూ నాదే. ఒక్క మనిషికి తిండి పెట్టి రెండు పాత్రలు ఆడించుకోవడం దాసన్నకి అలవాటే. గోపన్న వేషం పెద్ద ఈరన్నది. ఆడిస్తున్నది ఊరి పెద్ద ఓబుళరెడ్డి. పెద్ద ఈరన్న ఆ రెడ్డి మనిషి. రెడ్డి కన్నెత్తితే ఈరన్న కర్రెత్తుతాడని ఊళ్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

నాకు బస ఎక్కడ అన్నప్పుడు ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. నాటకాలదాన్ని సంసారుల కొంపలో ఎవరు పడుకోనిస్తారు? చివరికి ఊరి చివర ఒక ఇంటి వసారా చూపించారు. ఆ ఇంటామె నన్ను ఎగాదిగా చూసి చాప పరిచింది.

"ఈడ్నే పండుకోక్కా. ఈ ఇంటికి ఎవురూ రారు, నీకు అడ్డం ఉండదు" అంది.

ముప్పై ఏళ్లు ఉంటాయేమో. ఎండకి నల్లబడ్డ మనిషి. నుదుట కాసంత బొట్టు, రెండు చేతులకీ నిండుగా ఆకుపచ్చ గాజులు. ఆమె పేరు తిరుపతమ్మ అని ఆ రాత్రే తెలిసింది. గోపన్న పెళ్లామని తెల్లారి తెలిసింది. పది రోజులు ఆమె పెట్టిన జొన్నరొట్టె తిని, పోయి ఆమెనే గయ్యాళిగా ఆడి చూపించాలి నేను. బాగుంది కదా! పోనీ ఇంకో ఇల్లు చూసుకున్నానా అంటే, అదీ లేదు. రొట్టెలు మెత్తగా చేసేది.

మూడో రోజు తనే మాట ఎత్తింది. రోట్లో మిరపకాయలు దంచుతూ తల ఎత్తకుండా అడిగింది.

"మా కత ఆడతాండారంట గదా. నాటకాలదాంతో పోయినాడనేనా?"

చేటలో మిగిలిన మిరపకాయలు ఆమె ముందుకు జరిపాను.

"నువ్వేం జేస్తావులే, వాళ్లు రాసిచ్చింది ఆడేదానివి. రెడ్డి మనుసులు ఒక గొర్రెలాయప్పను కొట్టి సంపినారు. మా ఆయప్ప సూసినాడు. ఆయప్ప ఒక్కడే సాచ్చి. కడప కోర్టులో చెప్పేదానికని తెల్లారుజామున సద్దన్నం తిని పోయినాడు. కడపకు పోయిన మనిషి కోలార్లో ఎట్ల తేలతాడక్కా?"

గోపన్న కోర్టుకు చేరలేదు. సాక్షి లేడని కేసు పోయింది. నెల తిరక్కముందే కోలారు కథ ఊళ్లో పుట్టింది. ఎవరు పుట్టించారో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. అంటే ఆ మనిషి కూడా కోలారు పోతాడు.

"మరి నువ్వేమనుకుంటున్నావు?" అన్నాను.

రోకలి ఆపింది. "సచ్చినాడంటే నమ్మను. ఎవురితోనో పోయినాడన్నా నమ్మను. పెండ్లికి పోతే 'నీ మొగుడు యాడమ్మా' అని నవ్వుతారు. సావుకు పోతే 'ముత్తైదువ్వి, నీకీడేం పని' అంటారు. మొగుడు సచ్చినోళ్లకి ఒక దినముంటాది, ఒక ఏడుపుంటాది. నాకు ఆ ఏడుపూ లేకపాయె. ఉండాడో లేడో ఒక్క మాట ఎవురన్నా చెప్తే సాలక్కా. ఉంటే కాసుకోనుంటా, లేకుంటే ఏడ్సుకుంటా. అంతే, ఇంగేం అడగను నేను."

అడుగుతూనే ఉంది కూడా. పక్క ఊరి బడిపంతులు చేత రాయించి కర్నూలుకు అర్జీ పెట్టుకుంది. విచారణకు యస్సై రాబోతున్నాడు. అందుకే రెడ్డికి ఇంత తొందర. యస్సై వచ్చేలోపు చుట్టుపక్కల పది ఊళ్ల జనం కోలారు కథని కళ్లారా చూసి ఉండాలి. ఈ సంగతి దాసన్నే నా చెవిలో ఊదాడు, ఊది 'మనకెందుకులే' అన్నాడు. నేనూ 'మనకెందుకులే' అన్నాను.

పొద్దు గూకితే తిరుపతమ్మ గడప మీద కూర్చునేది, బాట వైపు మొగం పెట్టి. ఊరికే కూర్చోదు, చెవులు రిక్కించి ఉంటుంది. ఏం వింటున్నావని అడిగాను. అప్పుడు ఆ చెప్పుల సంగతి చెప్పింది.

గోపన్నకి కిర్రుచెప్పులంటే పిచ్చి, కడపకి బయల్దేరిన రోజు కూడా అవే తొడుక్కున్నాడు. కమలాపురంలో చెప్పులు కుట్టే లాజరు ఆయన కాలికి కొలతపెట్టి కుట్టాడు. అట్టల మధ్య ఇంకో తోలుముక్క పెడితే అడుగడుగుకీ కిర్రుమంటాయి. పెళ్లికి ముందెప్పుడో బండి మీద నుంచి పడి గోపన్న ఎడమకాలు కొంచెం పొట్టి అయింది. అది తెలియకుండా ఉండాలని లాజరు ఎడమ చెప్పులో తోలు రెండు వరసలు పెట్టాడు. దాంతో ఎడమది సాగదీసి కిర్ర్... మంటుంది, కుడిది పొట్టిగా కిక్ మని ఆగుతుంది. తిరుపతమ్మ అరచేత్తో గడప తట్టి, నోటితో ఆ శబ్దం చేసి చూపించింది.

"కిర్ర్... కిక్. కిర్ర్... కిక్. చింతమాను మలుపు కాడ ఉండంగానే నాకు ఇనపడేది. సంగటి కెలికి దించేతలికి గడపలో ఉండేటోడు. ఈ జిల్లాలో ఎన్ని కిర్రుచెప్పులన్నా ఉండనీ, ఇట్ల పలికేటివి అవి ఒక్కటే. మనిషి కంటే ముందు ఆ శబ్దం వస్తాది సూడు." చెబుతుంటే ఆ మనిషి మొగమే మారిపోయింది. నవ్వింది కూడా. ఆ ఇంట్లో నేను చూసిన నవ్వు అదొక్కటే.

తర్వాత అడిగింది. "అక్కా, నాటకంలోనన్నా కడాన తిరిగొస్తాడా?"

రాడు. దాసన్న రాసిన కథలో గోపన్న కోలార్లో ఆ నాటకాలదానితో నవ్వుతూ ఉండగా తెర పడుతుంది. కానీ ఆమె మొగం చూసి, "వస్తాడు" అన్నాను.

అనేశాక ఊరుకోవచ్చు కదా? ఊరుకుంటే నేనెందుకవుతాను! మర్నాడు రిహార్సలుకు పోయి దాసన్నకి అంతా కక్కేశాను. గడప మీద కూర్చోవడం, అరచేత్తో తట్టడం, ఎడమది సాగదీయడం, కుడిది ఆగడం, సంగటి దించడం, అన్నీ. పాపమనిపించి చెప్పానని ఇప్పుడు చెబితే అబద్ధం. మంచి సీను దొరికిందని చెప్పాను. గడప మీద పెళ్లాం, తెర లోపల చెప్పుల చప్పుడు, ఉలిక్కిపడి లేవడం, పరిగెత్తడం, పాదాల మీద పడి పద్యం. ఆ పద్యానికి వన్స్ మోర్ పడకపోతే నా పేరు మార్చుకోవాలి. అప్పటికి రెండేళ్లయింది నాకు వన్స్ మోర్ పడి.

దాసన్న తొడ చరిచాడు. "సుబ్బీ, నువ్వు పుట్టాల్సింది మొగోడివై!"

రెడ్డి విని మీసం దువ్వుకున్నాడు. "బాగుండాదే. తిరిగొచ్చినట్టు సూపిస్తే ఇంగా మేలు. యాడో బతికే ఉండాడని జనానికి నాటుకుంటాది. కానీండి."

"కిర్రుచెప్పులు కావాలే, ఎట్ల మరి?" అన్నాడు దాసన్న.

పల్లె నాటకాల్లో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరి వేషానికి కావలసిన సామాను వాళ్లే తెచ్చుకోవాలి. ఎంత అసలైనది తెస్తే అంత గొప్ప. రాజు వేషం వేసినవాడు పెళ్లాం మెడలోని కాసులదండ తెచ్చి వేసుకుంటాడు. జనం పాటకంటే ముందు దండనే చూస్తారు. కిర్రుచెప్పులనగానే పెద్ద ఈరన్న రొమ్ము విరుచుకున్నాడు.

"నా కాడ ఉండాయి అయ్యవారూ. అసలైన సరుకు. ఆటనాడు తెస్తా."

ఆట రోజు వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి బండ్లు కట్టుకుని జనం దిగారు. ముందు వరసలో కుర్చీలు, నడిమి కుర్చీలో ఓబుళరెడ్డి. ఎడమ పక్క నేల మీద ఆడవాళ్లు. తిరుపతమ్మ మొదట రాలేదు. "ముందంతా నన్ను తిట్టేదే గదా. కడాన వస్తా, ఆయప్ప వచ్చేకాడికి" అని పొద్దున్నే చెప్పింది. రావద్దని నేను అనలేదు.

చాపలు కట్టిన గదిలో మొగానికి అర్దళం రంగు పూసుకుంటూ ఉన్నాను. వెనక నడిచిన చప్పుడు వినబడింది.

కిర్ర్... కిక్. కిర్ర్... కిక్.

వెనక్కి తిరిగితే పెద్ద ఈరన్న, కాళ్లకి పాత కిర్రుచెప్పులు, మొగం నిండా నవ్వు.

"ఎట్లుండాయి సుభాషిణమ్మా? నాలుగేండ్లు రెడ్డి పశువుల కొట్టం అటక మీద పడుండె. రొండు దినాలు నూనెలో నానేసినా, సూడు, మల్ల పలికినాయి. ఇట్లాటి తోలు యాడ దొరుకుతాది ఇప్పుడు? పారేసేకి మనసు రాలేదు."

మనిషిని పూడ్చడానికి మనసొప్పింది వాడికి, మంచి చెప్పుల్ని పూడ్చడానికి ఒప్పలేదు. నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. చెప్పుల మాట నా నోటినుంచే బయటికి వచ్చింది, ఆ మాటే వీణ్ణి అటక ఎక్కించింది. దాసన్నకి చెప్పొచ్చు, వేరే చెప్పులు వేసుకోమనొచ్చు. ఎవరినైనా పంపి తిరుపతమ్మని ఇంట్లోనే ఆపొచ్చు. ఇంతలో గంట కొట్టారు, దాసన్న హార్మోనియం ఎత్తుకున్నాడు. నేను బొట్టు దిద్దుకుని స్టేజీ ఎక్కాను. భయమా అంటే భయమే. కానీ ఒట్టేసి చెబుతున్నాను, ఆ భయంలో కూడా నా పద్యం మొదటి పాదం మనసులో ఒకసారి అనుకున్నాను.

ఆట బాగా కుదిరింది. గయ్యాళి పెళ్లాన్ని నేను ఎంత బాగా చేశానంటే, జనం ఊళలు వేశారు. తిరుపతమ్మ రొట్టె తట్టే తీరు, కొంగు దోపుకునే తీరు, అన్నీ దించాను. ఆమె ఊరి ఆడవాళ్లు కూడా కొంగు నోట్లో కుక్కుకుని నవ్వారు. రెడ్డి నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు.

చివరి సీను ముందు తిరుపతమ్మ వచ్చింది. పెట్టెలోంచి తీసిన చీర, మడతల గీతలు పోలేదు. తలలో పూలు. ఆడవాళ్ల చివర కూర్చుంది.

నేను గడప దగ్గర కూర్చున్నాను. దాసన్న హార్మోనియం తగ్గించాడు, చెప్పుల చప్పుడు బాగా వినబడాలని. ఆ తగ్గించమన్న సలహా కూడా నాదే.

కిర్ర్... కిక్. కిర్ర్... కిక్.

తిరుపతమ్మ లేచి నిలబడింది. నేను స్టేజీ మీద ఉలిక్కిపడాలి, మరిచిపోయాను. ఆ మొగం చూస్తూ ఉండిపోయాను. ఇరవై ఏళ్లు ఆడాను గాని అలాంటి సంతోషం నా మొగంలోకి ఎన్నడూ రాలేదు. నాలుగేళ్లు గడప మీద కూర్చుని కాచుకున్నది వచ్చేసిందామెకి. ఒక అడుగు ముందుకు కూడా వేసింది.

తెర పక్కనుంచి పెద్ద ఈరన్న బయటికొచ్చాడు.

ఆమె అలాగే నిలబడింది. నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, కళ్లు మాత్రం వాడి మొగం మీదనుంచి కాళ్ల మీదకి జారాయి. కూర్చోమని వెనక ఆడవాళ్లు కొంగు లాగారు, కూర్చుంది. ముందు కుర్చీలో రెడ్డి నవ్వు ఆపేశాడు. ఆ చెప్పుల్ని ఆయనా అప్పుడే చూశాడు. ఇక నేనేం చేసేది? పరిగెత్తి ఈరన్న పాదాల మీద పడి పద్యం ఎత్తుకున్నాను. గొంతు అదిరింది. ఆ అదురు జనానికి నచ్చింది.

"వన్స్ మోర్! వన్స్ మోర్!"

వన్స్ మోర్ అంటే ఆడేవాడికి ఆజ్ఞ. దొర అడిగినా, గొర్రెలు కాచేవాడు అడిగినా మళ్లీ చేసి తీరాలి. నేను గొంతు సవరించుకుంటుండగా ఆడవాళ్ల చివర నుంచి ఒక గొంతు లేచింది.

"పద్యం గాదప్పా. నడక. ఆ నడక వన్స్ మోర్."

జనం గొల్లుమన్నారు. బయటి ఊళ్లవాళ్లకి ఆమె ఎవరో తెలియదు. "ఆయమ్మ చెప్పినట్టే కానీ! నడక! నడక వన్స్ మోర్!" అని అందుకున్నారు. పెద్ద ఈరన్నకి జన్మలో మొదటి వన్స్ మోర్. వాడి ఆనందం చూడాలి! రెడ్డి చెయ్యి అడ్డంగా ఊపుతున్నా చూడలేదు. తెర లోపలికి పోయి మళ్లీ వచ్చాడు, ఈసారి ఇంకా గట్టిగా తొక్కుతూ.

తిరుపతమ్మ లేచి నడుస్తోంది. జనం దారి ఇచ్చారు.

"ఇంగొక్కసారి" అంది.

మూడోసారి వాడు నడిచేటప్పటికి ఆమె స్టేజీ అంచు దగ్గరుంది. బల్లలు ఆమె రొమ్ముదాకా వస్తాయి. చెయ్యి చాచి వాడి ఎడమ చెప్పు పట్టుకుంది. వాడు ఆగిపోయాడు.

"ఈరన్నా, ఈ చెప్పులు యాడివి?"

వాడు రెడ్డి వైపు చూశాడు. వెయ్యి మంది ముందర, పెట్రోమాక్సు వెలుతురులో, తప్పు చేసిన పిల్లాడు తండ్రిని చూసినట్టు చూశాడు. ఇంక చెప్పడానికి ఏముంది?

"సంతలో కొన్నెవి" అన్నాడు రెడ్డి కుర్చీలోంచి. "ఆట ఆపొద్దు అయ్యవారూ. ఎవురన్నా ఆ తిక్కదాన్ని కూసోబెట్టండి."

ఆమె రెడ్డి వైపు తిరగనే లేదు. చెప్పు మీద చెయ్యి అలాగే ఉంచి, "చెప్పుల్లేకుండా పోయినాడా ఆయప్ప కోలారుకి? ఈ ఎండలకి?" అంది. ఎవరినీ అడిగినట్టు కాదు. లెక్క తేలినప్పుడు మనిషి తనకు తాను చెప్పుకున్నట్టు.

చెప్పు వదిలింది. రెండు చేతులూ ఎత్తి బల్ల అంచుకేసి కొట్టింది. ఆకుపచ్చ గాజులు నా ముందు చిట్లిపడ్డాయి. మళ్లీ కొట్టింది, మిగిలినవీ పోయాయి. తలలో పూలు పీకింది, నెత్తురు చేత్తోనే బొట్టు చెరిపింది. అప్పుడు నోరు తెరిచి ఏడ్చింది. నాలుగేళ్ల ఏడుపు. అది చెప్పడానికి నాకు మాట లేదు.

మూలవంకపల్లె జనం తలలు దించుకున్నారు. బయటి ఊళ్లవాళ్లు దించుకోలేదు. వాళ్లకి ఇదీ ఆటే. కరపత్రంలో లేని ఇంకో ఆడవేషం, జనంలోంచి లేచి వచ్చి ఆడింది, ఆహా ఎంత కొత్త ఎత్తు! చప్పట్లు మొదలయ్యాయి, ఈలలు లేచాయి.

"వన్స్ మోర్! గాజులు వన్స్ మోర్!"

ఆమె తల తిప్పి వాళ్లను చూసింది. "ఇంగ గాజుల్లేవప్పా" అంది. దానికీ చప్పట్లు పడ్డాయి. దాసన్న తెర దింపేశాడు.

తెర వెనక రెడ్డి పెద్ద ఈరన్నని ఆ చెప్పులతోనే కొట్టాడు. తెల్లారేసరికి ఆ చెప్పులు లేవు. నన్ను బండి ఎక్కనివ్వలేదు. "విచారణ అయినాంక పోదువులే సుభాషిణమ్మా" అన్నాడు రెడ్డి, చాలా మర్యాదగా.

మూడో రోజు యస్సై వచ్చాడు. చావడిలో కుర్చీ వేశారు. ఊరంతా నిలబడింది. ఒక్కొక్కణ్ణీ అడిగాడు. చెప్పులా, ఏ చెప్పులయ్యా? పెద్ద ఈరన్న కొత్త కిర్రుచెప్పుల జత చూపించాడు, రెండూ ఒకే రకంగా కిర్రుమన్నాయి. లాజరుని పిలిపిస్తే, "ఎన్నో కుడతాం సామీ, యాడ గుర్తుంటాయి" అన్నాడు, నేల చూస్తూ.

తిరుపతమ్మ నన్ను చూపించింది. "ఆయక్కను అడగండి దొరా. ఆయక్కకు తెలుసు. ఎట్ల పలుకుతాయో నేనే చెప్పినా. స్టేజీ మీద పక్కనే ఉండింది."

యస్సై నా వైపు తిరిగాడు. రెడ్డి నా వైపు చూడను కూడా లేదు, తమలపాకుకి సున్నం రాసుకుంటున్నాడు. సాక్ష్యం చెప్పడానికి పోయిన మనిషికి ఏమైందో ఆ చావడిలో ఉన్న అందరిలాగే నాకూ బాగా తెలుసు. ఎప్పుడూ మూతపడని నా నోరు మూతపడింది. కాసేపటికి తెరుచుకుంది, తెరుచుకోకపోయినా బాగుండేది.

"హార్మోనియం మోతలో నాకేమీ వినబడలేదండీ" అన్నాను.

తిరుపతమ్మ నన్ను తిట్టలేదు. తిడితే ఎంత బాగుండేది! పది రోజులు రొట్టె పెట్టిన మనిషి ఊరికే చూసింది.

శవం లేదు, సాక్షి లేదు. భర్త జీవించే ఉన్నాడని గ్రామస్తులు చెప్పినట్టు యస్సై రాసుకున్నాడు. సంతకాలు అయ్యాయి, వేలిముద్రలు అయ్యాయి. ఆయన గుర్రబ్బండి మలుపు తిరిగేదాకా రెడ్డి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తర్వాత వెనక్కి తిరిగాడు.

"సర్కారే రాసుకోనిపాయె, గోపన్న బతికుండాడని. మొగుడు బతికుండంగ గాజులు పగలగొట్టుకుంటాదా ఆడది? ఊరికి అరిష్టం గాదా? తొడగండి."

ఊరి ఆడవాళ్లు ఎవరూ కదల్లేదు. రెడ్డికి కోపం రాలేదు. నన్ను చూసి నవ్వాడు.

"సుభాషిణమ్మా, నీ పెట్లో ఉండాయి గదా గాజులు. పెండ్లాం వేషానికి తొడుక్కున్నెవి. అవే తొడుగు. తొడిగి బండెక్కు."

ఉన్నాయి. ఆకుపచ్చవే, డజను. ఆమె గాజులు చూసే నేను అదే రంగు కొనిపించుకున్నాను. పెద్ద ఈరన్న ఆమె భుజాలు పట్టుకున్నాడు, పట్టుకోవలసిన పనే లేదు, ఆమె పెనుగులాడలేదు. మణికట్ల మీద గాజుపెంకులు కోసిన గాట్లు పచ్చిగా ఉన్నాయి. ఆముదం రాసి, ఒక్కొక్కటే ఎక్కించాను. గాటు మీదుగా పోయినప్పుడల్లా ఆమె వేళ్లు ముడుచుకునేవి. నేను వాటిని సాగదీసి మళ్లీ ఎక్కించేదాన్ని. బొట్టు పెట్టమన్నాడు రెడ్డి, అదీ పెట్టాను. తొడగడం అయ్యాక బండెక్కాను.

ఆ నాటకం ఆ తర్వాత నాలుగేళ్లు ఆడాం. అటు కర్నూలు జిల్లా కోసిగి దాకా పోయాం. దాసన్న గాజుల సీను కూడా కలిపాడు, నిజంగా జరిగిందే కదా అని. అది వేసేది నేనే. ప్రతి ఊళ్లో వన్స్ మోర్ పడేది, అందుకని ఆటకి రెండు డజన్లు కొనేవాళ్లం. నాకు పేరొచ్చింది. మూలవంకపల్లె సంగతి అడిగినవాళ్లందరికీ చెప్పాను, వాగుడుకాయని కదా, అన్నీ చెప్పాను. ఆ రోజు చావడిలో ఆఖరి గాజు ఎక్కిస్తున్నప్పుడు తిరుపతమ్మ నాకు ఒక్కదానికే వినబడేట్టు అన్న మాట మాత్రం ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

"సరిగ్గా సరిపోయినాయక్కా నీ గాజులు" అంది. "నువ్వు పో ఇంగ. నీ ఆట నేను ఆడతా, సచ్చిందాకా."